దగదర్తిలో రన్‌వే వేస్తే సరిపోతుందా? విమాన కంపెనీతో ఒప్పందం సంగతేంటి?

కావలి_వ్యాపారి

అందరికీ నమస్కారం. మన నెల్లూరు జిల్లా దగదర్తి ఎయిర్‌పోర్టు మాట ఎప్పుడు వచ్చినా మన చర్చ భూముల దగ్గరే ఆగిపోతోంది. ఎన్ని ఎకరాలు, ఎకరాకి ఎంత, ఎవరి పొలం పోతుంది. 2019 జనవరిలో శంకుస్థాపన జరిగిన దగ్గర్నుంచీ ఇదే వరస. నేను అడగదలచుకున్నది వేరే. రేపు రన్‌వే పూర్తయింది, టెర్మినల్ తయారైంది అనుకుందాం. అక్కడికి విమానం ఎవరు తెస్తారు? ఎందుకు తెస్తారు? ఎయిర్‌పోర్టుకీ విమాన కంపెనీకీ మధ్య ఏదో ఒక ఒడంబడిక ఉండాలి కదా. అందులో ఎవరు ఏం ఇస్తారు, ఎవరికి ఏం దక్కుతుంది? తెలిసినవాళ్లు కాస్త విడమరచి చెప్పండి. నెల్లూరోళ్లు, ఒంగోలోళ్లు అందరూ రాయండి.

రన్‌వే_కోవూరు

మంచి ప్రశ్న అన్నా. నాది కోవూరు. బెంగళూరులో ఎయిర్‌పోర్టు ప్లానింగ్ పని చేస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

కొత్త రూటు మొదలుపెట్టే కంపెనీకి మొదటి కొన్ని నెలలు నష్టమే. జనానికి అలవాటు కావాలి, టైమింగ్ మీద నమ్మకం కుదరాలి. ఖాళీగా పోయిన సీటును మర్నాడు అమ్ముకోలేరు. పైగా అదే విమానాన్ని హైదరాబాద్-బెంగళూరు మధ్య తిప్పితే నిండుతుందని వాళ్లకి తెలుసు. ఎయిర్‌పోర్టు సంగతి దీనికి తలకిందులు. ఒక్క విమానం వచ్చినా పది వచ్చినా ఫైర్ సిబ్బంది, సెక్యూరిటీ, లైట్లు, రన్‌వే మెయింటెనెన్స్ ఖర్చు దాదాపు అంతే. అందుకే అదనంగా వచ్చే ప్రతి విమానం ఎయిర్‌పోర్టుకి లాభం. కాబట్టి మొదట్లో వచ్చే నష్టంలో కొంత ఎయిర్‌పోర్టు నెత్తిన వేసుకుంటే ఇద్దరికీ గిట్టుబాటు అవుతుంది. బజారులో కొత్త అంగడి పెట్టినవాడికి ఓనరు మొదటి ఆరు నెలలు అద్దె తగ్గించినట్టే.

మామూలుగా ఇచ్చేవి ఏంటంటే, ల్యాండింగ్, పార్కింగ్ చార్జీలు మాఫీ చేస్తారు. రాత్రి విమానం అక్కడే నిలిపితే డబ్బు అడగరు. కొత్త రూటు ప్రచారం ఖర్చు పంచుకుంటారు. ఇవి చాలకపోతే రాబడికి గ్యారంటీ ఇస్తారు. లెక్క అర్థం కావడానికి ఒక ఉదాహరణ చెప్తాను. ట్రిప్పుకి 3 లక్షలు రావాలని ఒప్పుకున్నారు, టికెట్ల మీద 2 లక్షలే వచ్చాయి అనుకోండి. మిగతా లక్ష ఎయిర్‌పోర్టో ప్రభుత్వమో కడుతుంది. 3 లక్షలు దాటిందా, పైసా ఇవ్వక్కర్లేదు.

మన పక్కనే కడప చూడండి. 2015లో ఎయిర్‌పోర్టు తెరిచారు. చిన్న ఊళ్లకి చౌకగా విమానాలు తెచ్చే కేంద్రం పథకం ఉడాన్ కింద 2017 ఏప్రిల్ 27న దేశంలో మొట్టమొదట ఎగిరిన విమానాల్లో ట్రూజెట్ కంపెనీ కడప-హైదరాబాద్ విమానం ఒకటి. 2022 మొదట్లో ట్రూజెట్ సర్వీసులు ఆగిపోయాయి. ఆ మార్చిలోనే రాష్ట్ర ప్రభుత్వం లోటు భర్తీ చేస్తానని ఇండిగోతో ఒప్పందం చేసుకుంది, మళ్లీ విమానాలు వచ్చాయి. రన్‌వే అదే, టెర్మినల్ అదే. మారింది ఒప్పందం ఒక్కటే.

బస్టాండు_సెంటర్

ఉడాన్ అంటే 2,500 టికెట్టు అంటారే, అదేనా అన్నా? అందులో ఎవరు ఎంత కడతారు?

రన్‌వే_కోవూరు

అదే తమ్ముడూ. గంట ప్రయాణానికి 2,500 అని పథకం మొదలైనప్పుడు పెట్టిన పరిమితి. సుమారు సగం సీట్లు ఆ రేటుకి అమ్మాలి, మిగతావి కంపెనీ ఇష్టం. వచ్చే లోటుని మూడేళ్లు భర్తీ చేస్తారు. అందులో 80 శాతం కేంద్రం నిధి నుంచి, 20 శాతం రాష్ట్రం నుంచి. కేంద్రం నిధి అంటే పెద్ద రూట్లలో తిరిగే విమానాల మీద వేసే లెవీ. ఇది కాక ఎయిర్‌పోర్టు ల్యాండింగ్, పార్కింగ్ చార్జీలు వదులుకుంటుంది. రాష్ట్రం సెక్యూరిటీ, ఫైర్ సర్వీసు ఉచితంగా ఇస్తుంది, ఇంధనం మీద వ్యాట్ 1 శాతానికి దించుతుంది. ఆ మూడేళ్లూ ఆ రూటులో ఆ కంపెనీకే హక్కు.

గూడూరు_మాస్టారు

బాబూ, చక్కగా చెప్పారు. కానీ లోటు భర్తీ అంటున్న ఆ డబ్బు మనందరి పన్నుల డబ్బు. దాని సంగతి కూడా మాట్లాడుకోవాలి.

విజయవాడ-సింగపూర్ విమానం గుర్తుందా? 2018 డిసెంబరులో ఇండిగో మొదలుపెట్టింది. సీట్లు నిండకపోతే లోటు రాష్ట్రం భరించే ఏర్పాటు. 2019లో ప్రభుత్వం మారింది, లోటు నిధి ఆగింది, ఆ ఏడాది నడిమధ్యకి విమానమూ ఆగింది. ఇందులో ఎవరి తప్పెంత అనే రాజకీయం ఇక్కడ వద్దు. నా బాధ ఏంటంటే, పిల్లల్ని చూడ్డానికి వెళ్లేవాళ్లు, వ్యాపారం మీద పోయేవాళ్లు ఆ టైమింగ్‌కి ఇప్పుడిప్పుడే అలవాటు పడుతున్నారు. అంతలో తీసేశారు. పెట్టిన డబ్బుకి తర్వాత మిగిలింది ఏమీ లేదు.

దేశం మొత్తం మీద కూడా అంతే. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2023లో ఉడాన్ మీద ఇచ్చిన నివేదిక చూడండి. మూడో విడత దాకా 774 రూట్లు ఇచ్చారు. మొదలైనవి 371. మూడేళ్లు పూర్తిగా నడిచినవి 112. సాయం అయిపోయాక 2023 మార్చి దాకా నిలబడినవి 54. ఏడు శాతం! దగదర్తి ఆ 54 వైపు చేరుతుందా, మిగతా లిస్టులో పోతుందా అనేది ఒప్పందం కాయితం మీద ఆధారపడి ఉంటుంది. అందుకే ఆ కాయితంలో ఏం రాస్తారో ముందే జనానికి చూపించాలి అంటాను.

ఒంగోలు_గెలాక్సీ

నాది చీమకుర్తిలో గ్రానైట్ వ్యాపారం. మా దగ్గరికి బయ్యర్లు విదేశాల నుంచి వస్తారు. దిగేది చెన్నైలోనో హైదరాబాద్‌లోనో. అక్కడి నుంచి కారు. క్వారీలో బ్లాకు చూసి, కొలతలు రాసుకుని, రేటు మాట్లాడుకోవడానికి రెండు మూడు గంటలు చాలు. ఆ రెండు గంటల పనికి రానుపోను రోడ్డు మీదే రోజంతా పోతుంది. కొందరు 'ఫోటోలు పంపండి చాలు' అంటారు. మా గెలాక్సీ రకం గ్రానైట్‌లో ఆ మెరుపు చుక్క ఫోటోలో తెలుస్తుందా? రాయి మీద నీళ్లు చల్లి ఎండలో చూడాలి.

అందుకే సూటిగా అడుగుతున్నా. మా వ్యాపారం ఒంగోలుది. దగదర్తి దాకా మేం ఎందుకు రావాలి? ఒంగోలు దగ్గర కూడా ఎయిర్‌పోర్టు కావాలని ఎన్నాళ్ల నుంచో అడుగుతున్నాం. ప్రకాశం జిల్లాకి దొనకొండలో బ్రిటిష్ వాళ్ల కాలం నాటి ఎయిర్‌స్ట్రిప్ ఉంది, అది చూస్తే అలాగే పడి ఉంది. కొరిశపాడు దగ్గర హైవే మీద యుద్ధ విమానాలు దిగే రన్‌వే వేశారు, 2022 డిసెంబరులో ట్రయల్ కూడా చేశారు. మాకు మాత్రం ప్యాసింజర్ విమానం లేదు.

రన్‌వే_కోవూరు

మీ బాధ న్యాయమైనది అన్నా. కానీ ఒక్కసారి కంపెనీ వైపు నుంచి చూడండి. దగదర్తికీ ఒంగోలుకీ మధ్య గీత గీస్తే వంద కిలోమీటర్ల లోపే. ఇప్పుడే ఇటు రేణిగుంట, అటు గన్నవరం ఉన్నాయి. కొత్త ఎయిర్‌పోర్టుల కోసం కేంద్రం పెట్టిన 2008 గ్రీన్‌ఫీల్డ్ పాలసీ ప్రకారం ఉన్న ఎయిర్‌పోర్టుకి 150 కిలోమీటర్ల లోపల కొత్తది కట్టాలంటే, పాతదాని మీద ఎంత దెబ్బ పడుతుందో చూశాకే ఒప్పుకుంటారు. దగదర్తి రేణిగుంటకి ఆ దూరం లోపలే ఉంది, ఒంగోలు గన్నవరానికి లోపలే ఉంది. రెండు చోట్లా కట్టామే అనుకుందాం, ప్రయాణికులు రెండుగా చీలిపోతారు. అప్పుడు కంపెనీ రెండు చోట్లా లోటు నిధి అడుగుతుంది, లేదా రెండు చోట్లకీ రాదు. నా అభిప్రాయం గట్టిదే. ముందు ఒక ఎయిర్‌పోర్టు బతకాలి. నెల్లూరు, ఒంగోలు, కందుకూరు, కనిగిరి, ఉదయగిరి అన్నీ కలిపి ఒకే లెక్కగా చూపిస్తే కంపెనీ బల్ల దగ్గర కూర్చుంటుంది.

ఒంగోలు_గెలాక్సీ

నెల్లూరోళ్లు ఎప్పుడూ అదే అంటారు 🙂 సరే, వింటున్నాను. కానీ ఒంగోలు నుంచి దగదర్తికి విమానం టైముకి సరిపోయే ఏసీ బస్సు లేకపోతే ఈ ఒకే లెక్క మాట కాయితం మీదే ఉంటుంది. అది కూడా ఒప్పందంలో రాయించాలి. సికింద్రాబాద్-తిరుపతి వందే భారత్ ఒంగోలులోనూ ఆగుతుంది, నెల్లూరులోనూ ఆగుతుంది. బస్సు లేని విమానం కన్నా మాకు ఆ రైలే మేలు.

హేచరీ_అక్క

ఇప్పటిదాకా అందరూ మనుషుల గురించే మాట్లాడారు. నేను సరుకు గురించి చెప్తాను. మాది తీరంలో రొయ్యల హేచరీ. తల్లి రొయ్యలు, మేము బ్రూడర్స్ అంటాం, విదేశాల నుంచి విమానంలో చెన్నైకి వస్తాయి. అక్కడ నీలాంగరైలో క్వారంటైన్‌లో పెట్టి, పరీక్షలయ్యాక మాకు ఇస్తారు. అది దిగుమతి. ఇక పంపే వైపు, మా సీడ్, అంటే చెరువుల్లో వదిలే రొయ్య పిల్లలు, గుజరాత్‌కి, బెంగాల్‌కి కూడా పోతుంది. అది పోయేది విమానంలోనే.

ప్యాకింగ్ ఎలా ఉంటుందో తెలియనివాళ్లకి చెప్తాను. రొయ్య పిల్లల్ని లెక్కపెట్టి, చల్లబరిచిన నీళ్లతో పాలిథిన్ సంచిలో పోసి, పైన ఆక్సిజన్ నింపి, మూతికి రబ్బరు బ్యాండు బిగించి పెట్టెలో సర్దుతాం. ఆ క్షణం నుంచీ గడియారం నడుస్తూనే ఉంటుంది. నీళ్లు వేడెక్కితే పిల్లలు నీరసపడతాయి. చెరువులో వదిలాక చనిపోతే రైతు మమ్మల్ని అడుగుతాడు. లారీ తడ దాటి చెన్నై ట్రాఫిక్‌లో ఇరుక్కుందంటే కార్గో కటాఫ్, అంటే సరుకు తీసుకునే గడువు, దాటిపోతుంది, ఆ రాత్రి ఇక మాకు నిద్ర ఉండదు. ఒకసారి కార్గో ఆఫీసులో పెట్టెలు ఎండలో దించి వదిలేశారు. తర్వాత ఎంత మొత్తుకున్నా ఎవరూ బాధ్యత తీసుకోలేదు.

కాబట్టి నా మాట ఇది. దగదర్తికి వచ్చే కంపెనీతో ప్రయాణికుల టికెట్ల గురించి మాత్రమే మాట్లాడొద్దు. సీడు పెట్టెలకి నీడ ఉండే షెడ్డు, విమానానికి ఎంత ముందు దాకా తీసుకుంటారు, ఆలస్యమైతే ఎక్కడ పెడతారు, ఇవి ఎయిర్‌పోర్టూ కంపెనీ కలిసి రాసివ్వాలి.

రాంప్_డ్యూటీ

అక్కా, మీరు చెప్పింది రోజూ చూసే మాటే. నేను చెన్నైలో గ్రౌండ్ హ్యాండ్లింగ్‌లో చేస్తాను, ఊరు సూళ్లూరుపేట. ఒక విషయం ముందే తెలుసుకోండి. చిన్న ఊళ్లకి ఎక్కువగా వచ్చేది ఏటీఆర్ 72 అనే చిన్న ప్రొపెల్లర్ విమానం. ఇండిగో వాటిల్లో 78 సీట్లు. అందులో సరుకు పెట్టే చోటు చిన్నది. సీట్లు నిండి, అందరూ పెద్ద పెట్టెలతో వస్తే మీ సీడుకి మిగిలేది కొంచెమే. కాబట్టి 'రోజుకి ఇన్ని పెట్టెలకి చోటు ఖాయం' అని ముందే మాట తీసుకోవాలి.

అయితే ఏటీఆర్‌లో మనలాంటి ఎయిర్‌పోర్టుకి ఒక మేలుంది. వెనక తలుపుకే మెట్లు ఉంటాయి, ఏరోబ్రిడ్జి అక్కర్లేదు. జనం వెనక నుంచి ఎక్కుతారు, సరుకు ముందు వైపు ఎక్కిస్తాం. నేల మీద ఉన్నప్పుడు కుడి ఇంజను ప్రొపెల్లర్‌కి బ్రేకు వేసి ఇంజను మాత్రం నడుపుతారు, దాంతోనే కరెంటు, ఏసీ. హోటల్ మోడ్ అంటాం. అంటే బయట నుంచి కరెంటు బండి కూడా తప్పనిసరి కాదు. ఎయిర్‌పోర్టుకి మొదటి రోజు పెట్టుబడి తగ్గుతుంది.

నా అనుభవంలో కంపెనీకి చార్జీల మాఫీ కన్నా ముఖ్యమైనది టైము. దిగిన విమానం అరగంట లోపు మళ్లీ ఎగరాలి. ఇక్కడ పది నిమిషాలు ఆలస్యమైతే అదే విమానం సాయంత్రం దాకా ప్రతి ఊళ్లోనూ ఆలస్యమే. బ్యాగుల బెల్టు, ఫైర్ టీం, ఏటీసీ, మా సిబ్బంది అందరికీ ఒకే స్క్రీన్ మీద ఒకే టైము కనిపించాలి. యూరప్‌లో దీన్ని ఒక పద్ధతిగా పెట్టారు, మన పెద్ద ఎయిర్‌పోర్టులకీ వచ్చింది. చిన్నచోట స్క్రీన్ కూడా అక్కర్లేదు, పొద్దున్నే పది నిమిషాలు అందరూ కూర్చుని మాట్లాడుకుంటే చాలు. ఆ కూర్చోవడమే జరగదు, అదీ సమస్య.

మ్యూనిక్_నెల్లూరోడు

రాంప్ అన్న చెప్పిన ఆ పద్ధతిని 2007లో యూరప్‌లో అందరికన్నా ముందు పూర్తిగా అమలు చేసింది జర్మనీలోని మా మ్యూనిక్ ఎయిర్‌పోర్టే. ఇక్కడ భాగస్వామ్యం ఇంకా లోతుకి పోయింది. 2003లో తెరిచిన రెండో టెర్మినల్‌ని ఎయిర్‌పోర్టు, జర్మన్ విమాన కంపెనీ లుఫ్తాన్సా కలిసి కట్టాయి. 60 శాతం ఎయిర్‌పోర్టుది, 40 శాతం లుఫ్తాన్సాది. 2016లో దానికి అనుబంధ భవనం కూడా అలాగే కట్టారు. తన డబ్బు గోడల్లో ఉంది కాబట్టి లుఫ్తాన్సా ఊరికే వదిలి పోలేదు. అరగంటలో విమానం మారేలా టెర్మినల్ కట్టించుకుంది.

దీనికి పూర్తి ఎదురు చార్లెరాయ్. బ్రసెల్స్ దగ్గర చిన్న ఎయిర్‌పోర్టు. 2001లో చౌక విమాన కంపెనీ రయనైర్‌ని రప్పించడానికి ల్యాండింగ్ చార్జీల్లో పెద్ద తగ్గింపు ఇచ్చారు, ప్రచారానికి డబ్బిచ్చారు. జనం పోటెత్తారు. కానీ 2004లో యూరోపియన్ కమిషన్ అందులో కొంత సాయం చట్టవిరుద్ధమని తేల్చింది. 2008లో కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ఏళ్ల తరబడి గొడవ. ఊరికి మాత్రం ఎయిర్‌పోర్టు మిగిలింది, ఇప్పటికీ రద్దీగా ఉంటుంది.

గూడూరు_మాస్టారు

చార్లెరాయ్ నుంచి నేను తీసుకునేది ఒక్కటే. రాయితీ ఎవరికి ఇచ్చారో, ఎంత ఇచ్చారో అందరికీ తెలియాలి, రేపు ఇంకో కంపెనీ వస్తే దానికీ అదే దక్కాలి. ఒక్కరికే చాటుగా ఇస్తే అది భాగస్వామ్యం అనిపించుకోదు.

బస్టాండు_సెంటర్

మరి చార్జీలు ఢిల్లీలో కూర్చుని ఎవరో నిర్ణయిస్తారంట కదా? మనం తగ్గిస్తామంటే ఒప్పుకుంటారా?

రన్‌వే_కోవూరు

దాన్ని ఎయిరా అంటారు, 2008 చట్టంతో వచ్చిన సంస్థ. అది చూసేది ముఖ్యంగా ఏడాదికి 35 లక్షల మందికి పైగా వచ్చే పెద్ద ఎయిర్‌పోర్టుల చార్జీలు. దగదర్తి మొదట్లో ఆ దరిదాపుల్లో ఉండదు కాబట్టి బేరానికి చోటుంది.

ఇంధనం గురించి కూడా ఒక మాట. తమిళనాడులో విమాన ఇంధనం మీద వ్యాట్ 29 శాతం దాకా ఉంది. ఒక శాతం వ్యాట్ ఉన్న చోట ట్యాంకు నింపుకుంటే కంపెనీకి ట్రిప్పు ట్రిప్పుకీ మిగులుతుంది. చెన్నై పక్కనే ఉండటం మనకి అడ్డంకి అనుకుంటాం కానీ, ఈ లెక్కలో అదే మన బలం.

కందుకూరు_అకౌంట్స్

కొచ్చి గురించి ఎవరూ చెప్పలేదే! 1999లో తెరిచారు. మన దేశంలో ప్రభుత్వం, ప్రైవేటు కలిసి కట్టిన మొదటి ఎయిర్‌పోర్టు. కేరళ ప్రభుత్వంతో పాటు గల్ఫ్‌లో పనిచేసే మలయాళీలు వాటాలు కొన్నారు. ఎయిర్ ఇండియాకీ, బీపీసీఎల్‌కీ వాటాలున్నాయి. అంటే విమానం నడిపేవాళ్లూ, దానికి ఇంధనం పోసేవాళ్లూ ఎయిర్‌పోర్టులో భాగస్తులు. ఆ బీపీసీఎల్లే ఇప్పుడు రామాయపట్నం దగ్గర రిఫైనరీ పెడతానంటోంది. కృష్ణపట్నం పోర్టు ఒక పక్క ఉండనే ఉంది. వీళ్లని ఎయిర్‌పోర్టులో చిన్న వాటాకైనా అడగాలి. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న మన నెల్లూరు, ప్రకాశం వాళ్లనీ అడగాలి. అడిగితే పోయేదేముంది?

రన్‌వే_కోవూరు

మంచి మాట. దీనికి ఇంకొకటి కలుపుతాను. అమెరికాలో విచిటా అనే ఊరుంది. అక్కడ టికెట్లు మరీ ఖరీదు, జనం వేరే ఊళ్లకి కార్లలో పోయి విమానం ఎక్కేవాళ్లు. మన చెన్నై బాధే. 2002లో ఎయిర్‌ట్రాన్ అనే చౌక కంపెనీకి రాబడి గ్యారంటీ ఇచ్చి తెచ్చుకున్నారు. తర్వాత ఎయిర్‌ట్రాన్‌ని సౌత్‌వెస్ట్ అనే ఇంకో విమాన కంపెనీ కొనేసింది, 2013లో సౌత్‌వెస్ట్ ఆ ఊళ్లో అడుగుపెట్టింది. అంటే కంపెనీ పోయినా విమానం పోలేదు. అక్కడి చిన్న ఊళ్లలో ఇంకో పద్ధతి కూడా ఉంది, ట్రావెల్ బ్యాంక్ అంటారు. ఊళ్లోని వ్యాపారులు ఏడాదికి తాము కొనే టికెట్ల డబ్బు ముందే ఒక ఖాతాలో వేస్తారు. అది ఖర్చయ్యేది ఆ కంపెనీ టికెట్ల మీదే. కంపెనీకి ధైర్యం, వ్యాపారికి నష్టం లేదు, ప్రభుత్వం మీద భారం తక్కువ.

ఒంగోలు_గెలాక్సీ

ఇది నాకు నచ్చింది. సబ్సిడీ అంటే ప్రభుత్వం మారగానే పోయే భయం ఉంది, మాస్టారు చెప్పినట్టు. మా డబ్బే ముందు పెడితే ఎవరు మారినా ఒప్పందం నిలుస్తుంది. చీమకుర్తి ఎక్స్‌పోర్టర్లలో నాకు తెలిసినవాళ్లతో మాట్లాడతాను. కానీ షరతు మార్చను. ఒంగోలు బస్సు రాసివ్వాలి. హైదరాబాద్ విమానం పొద్దున ఏడింటిలోపు బయలుదేరాలి, రాత్రికి తిరిగి రావాలి. మధ్యాహ్నం విమానం మా వ్యాపారానికి పనికిరాదు.

రాంప్_డ్యూటీ

పొద్దున ఏడింటికి ఎగరాలంటే విమానం రాత్రి దగదర్తిలోనే పడుకోవాలి. అంటే పైలట్లకి నెల్లూరులో హోటలు, రాత్రి సెక్యూరిటీ, ఒక ఇంజినీరు ఉండాలి. ఈ ఖర్చు ఎయిర్‌పోర్టు భరిస్తానంటే కంపెనీ వింటుంది. నా ఉద్దేశంలో ల్యాండింగ్ చార్జీ మాఫీ కన్నా ముందు అడగాల్సింది ఇదే.

గూడూరు_మాస్టారు

నేను రెండు షరతులు కలుపుతాను. సాయం మొదటి ఏడాది కన్నా రెండో ఏడాది తగ్గాలి, మూడో ఏడాది ఇంకా తగ్గాలి. ఒకేసారి ఆపేస్తే ఏమవుతుందో సింగపూర్ విమానం దగ్గర చూశాం. రెండోది, గడువుకి ముందే కంపెనీ మానేస్తే తీసుకున్నదాంట్లో కొంత వెనక్కి కట్టాలి. ఈ రెండూ లేకపోతే సంతకం పెట్టొద్దు.

కావలి_వ్యాపారి

అందరికీ ధన్యవాదాలు. ఇంత స్పష్టంగా వస్తుందని అనుకోలేదు. ఇవన్నీ ఒక కాయితం మీద పెట్టి మా వ్యాపారుల సంఘం తరఫున ఎయిర్‌పోర్టు కార్పొరేషన్‌కీ కలెక్టరు గారికీ ఇస్తాం. రాత్రి పార్కింగు, ఒంగోలు బస్సు, తగ్గుతూ పోయే సాయం, వెనక్కి కట్టే షరతు, ట్రావెల్ బ్యాంక్. అక్కా, సీడు గురించి మాత్రం నాకు మీ లెక్క కావాలి. ఏ నెలల్లో ఎక్కువ పోతుంది, ఏ టైముకి విమానం ఉంటే మీకు అనుకూలం?

హేచరీ_అక్క

రాసుకోండి అన్నా. మేము ప్యాకింగ్ సాయంత్రం చల్లబడ్డాక మొదలుపెడతాం. కాబట్టి రాత్రి విమానం ఉంటే మొదటి మేలు, లేదంటే తెల్లవారుజామున. ఎండలో మాత్రం వద్దు. ఒంగోలు అన్న అడిగిన ఏడింటి విమానం మాకూ పనికొస్తుంది, పెట్టెలు అయిదింటికి తీసుకుంటామంటే. సీజన్ నెలలు, పెట్టెల లెక్క మా తీరంలో మిగతా హేచరీల వాళ్లని కూడా అడిగి పంపుతాను. షెడ్డు సంగతి మాత్రం మర్చిపోవద్దు. టెర్మినల్ డ్రాయింగు వేసేటప్పుడే చెప్పాలి, కట్టాక చెబితే కుదరదంటారు.